ఆన్‌లైన్ వేలంలో మిర్చి, పత్తి: లాటు వివరాలు ఎలా రాయించాలి?

గుంటూరు మిర్చి యార్డులో ఈ-నామ్ కింద నమోదయ్యే సరుకుకి రెండు రూపాలు ఉంటాయి. ఒకటి కొట్టు ముందు దించిన టిక్కీ. రెండోది కంప్యూటర్లో ఎక్కిన లాటు నంబరు, దాని కింద నాలుగు ముక్కల వివరం: ఏ రకం, ఎన్ని బస్తాలు, ఎంత బరువు, నాణ్యత ఎలా ఉంది. టిక్కీ కోసం రైతు కుటుంబం నారు పోసిన రోజు నుంచి ఆరేడు నెలలు కష్టపడుతుంది. ఆ నాలుగు ముక్కలు మాత్రం అర నిమిషంలో, చాలాసార్లు రైతు చూడకుండానే ఎక్కిపోతాయి.

ధర బాగున్న ఏడాది ఇదేమంత నష్టంగా కనపడదు. కాయ ఎర్రగా ఉంటే చాలు, ఎవరో ఒకరు కొంటారు. ధర పడ్డ ఏడాదే అసలు సంగతి తెలుస్తుంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి రేటు బాగా దిగజారినప్పుడు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాల్‌కి 11,781 రూపాయల ధర ప్రకటించింది. 2.91 లక్షల టన్నుల వరకు అని పరిమితి పెట్టింది. అలాంటి సీజన్లో కొనేవాళ్లకి తొందర ఉండదు. లాట్లు బోలెడు ఉంటాయి. ఏ లాటు మీద అనుమానం వచ్చినా రేటు తగ్గించి పాడతారు, లేదా పక్క లాటుకి పోతారు. అనుమానం లేకుండా చేసుకునే పని అమ్మేవాళ్ల మీదే పడుతుంది.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో సొంత పొలంలోనో కౌలుకు తీసుకునో మిర్చి, పత్తి వేసే కుటుంబాలకీ, రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో లెక్కలు చూసే పిల్లలకీ పనికొచ్చే సంగతులు ఇవి.

లాటు ఎలా నడుస్తుంది

ఈ-నామ్ అంటే జాతీయ వ్యవసాయ మార్కెట్. 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో మొదలైంది. ఇప్పుడు దేశంలో 1,300కి పైగా మార్కెట్ యార్డులు ఇందులో ఉన్నాయి. సరుకు యార్డు గేటు దాటేటప్పుడు రైతు పేరు, సరుకు, పరిమాణం, కమీషన్ ఏజెంటు వివరాలు ఎక్కించి లాటు నంబరు ఇస్తారు. తర్వాత మచ్చు తీసి నాణ్యత పరీక్ష చేసి ఫలితం ఆ లాటుకి కలుపుతారు. లైసెన్సు ఉన్న వ్యాపారులు ఇచ్చిన గడువులోపు కంప్యూటర్లోనో ఫోన్లోనో ధర వేస్తారు. ఎక్కువ వేసినవారికి లాటు ఖరారవుతుంది, రైతుకి మెసేజ్ వస్తుంది. ఆ తర్వాత కాటా, తక్‌పట్టీ, చెల్లింపు.

కాగితం మీద వరస ఇది. గుంటూరులో కాయ చేత్తో పట్టుకుని, విరిచి, వాసన చూసి ధర చెప్పే అలవాటు తరాల నాటిది. అది పోలేదు, పూర్తిగా పోవాల్సిన పని కూడా లేదు. కానీ చేత్తో చూసేది ఆ రోజు యార్డులో ఉన్న వ్యాపారి మాత్రమే. బయట ఊళ్లో కూర్చుని తెరమీద చూసే వ్యాపారికి ఉన్నదల్లా రాసిన వివరమే. ఆయన కూడా పాటలోకి వస్తేనే ఆన్‌లైన్ వేలం వల్ల లాభం. నాణ్యత గడులు ఖాళీగా ఉంటే ఆయన రాడు. అప్పుడు ఆన్‌లైన్ అన్నది పేరుకే, పాడేది ఆ నలుగురే.

అందుకే గేటు దగ్గర రైతు గట్టిగా అడగాల్సినవి రెండు: రకం పేరు సరిగ్గా ఎక్కిందా, పరీక్ష ఫలితం లాటుకి కలిసిందా. ఈ-నామ్ యాప్ తెలుగులో కూడా ఉంది. గేటు దగ్గర ఆలస్యం కాకుండా లాటు వివరాలు ఇంటి దగ్గరే ముందుగా ఎక్కించుకునే వీలు అందులో ఉంది. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లో పిల్లాడో ఉంటే పది నిమిషాల పని. అనుమానం ఉంటే 1800 270 0224 ఉచిత నంబరుకి ఫోన్ చేయొచ్చు.

షేక్ ఒకచోట, ఎస్‌కే ఒకచోట

సరుకు వివరం కన్నా ముందు మనిషి వివరం సరిచూసుకోవాలి. ముస్లిం కుటుంబాల్లో ఇది పెద్ద తలనొప్పి. ఆధార్‌లో ‘షేక్’ అని పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పాసు పుస్తకంలో ‘ఎస్‌కే’ అని పొట్టిగా ఉంటుంది. ‘మహమ్మద్’ ఒకచోట, ‘ఎండీ’ ఒకచోట. ఇంటి పేరు ముందా వెనకా అన్నది ఇంకో తేడా. ఆడవాళ్ల పేర్లలో ‘బీ’, ‘బేగం’, ‘బీబీ’ మారిపోతుంటాయి. చెల్లింపు బ్యాంకు ఖాతాకి వెళ్లేటప్పుడు ఈ తేడాల దగ్గర డబ్బు ఆగిపోయే ప్రమాదం ఉంది. సీజన్ మధ్యలో దీనికోసం బ్యాంకు చుట్టూ తిరిగే ఓపిక ఎవరికీ ఉండదు. సంక్రాంతి లోపే, అంటే సరుకు కల్లంలోకి రాకముందే, ఆధార్, పాసు పుస్తకం, ఈ-నామ్ నమోదు మూడింటిలో పేరు ఒకేలా ఉండేలా చేసుకోవడం మేలు.

ఖాతా ఎవరిదో కూడా ముందే తేల్చుకోవాలి. పొలం అబ్బాజాన్ పేరున, ఫోన్ పెద్ద కొడుకుది, ఖాతా కమీషన్ కొట్టు వాళ్లు చెప్పిన ఇంకెవరిదో అయితే ధర ఖరారైన మెసేజ్ ఒకరికి, డబ్బు ఇంకొకరికి పోతాయి.

రకం పేరే సగం ధర

‘ఎండు మిర్చి’ అని మాత్రమే రాసిన లాటుకి గుంటూరులో అర్థం లేదు. రోజూ ధరల పట్టికలో తేజ, 334, 341, నంబర్ 5, 273, సూపర్ 10, బ్యాడిగి రకాలు, ఆర్మూరు అని వేరువేరుగా రేట్లు వస్తాయి. ప్రతి రకానికీ కొనేవాళ్లు వేరు. తేజ కారం ఎక్కువ; చైనాకి పోయేది, కారం సారం తీసే ఫ్యాక్టరీలు అడిగేది ఎక్కువగా అదే. బ్యాడిగి రంగు ఎక్కువ, కారం తక్కువ. రంగు కావాల్సిన వాళ్లు దానికి వస్తారు. 334 లాం ఫారంలోని పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకం, పేరు ముందు ఉండే ఎల్‌సీఏ అక్షరాలు అక్కడివే. గుంటూరు సన్నంకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

తేజ కొనడానికి కూర్చున్న వ్యాపారి తెరమీద తేజ అని వెతుకుతాడు. మీ తేజ ‘మిర్చి - ఇతర’ అని ఎక్కితే ఆయన కంట పడదు. పోనీ రేటు బాగుందని 334ని ఇంకో పేరుతో ఎక్కిస్తే మచ్చు చూడగానే తెలిసిపోతుంది. అప్పుడు ఆ లాటు ఒక్కటే కాదు, అదే పేరుతో వచ్చే మిగతా లాట్లూ అనుమానంలో పడతాయి. విత్తనం ప్యాకెట్ పారేయకుండా దాచుకుంటే రకం మీద వాదన ఉండదు. ప్యాకెట్ ఫొటో ఫోన్లో ఉన్నా చాలు.

రకం తర్వాత రాయాల్సింది ఏ కోత అన్నది. మొదటి రెండు కోతల కాయకీ, చివరి కోత కాయకీ సైజులో, రంగులో తేడా కల్లంలో తిరిగే చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ తర్వాత ఏసీ సరుకా, నాన్ ఏసీ సరుకా. కోల్డ్ స్టోరేజీలో పెట్టి తీసిన నిరుటి కాయని కొత్త కాయగా చెప్పడం కుదరదు. రంగు, తొడిమ చూసి చెప్పేస్తారు.

కలిపితే ఎంత పోతుంది

ఎక్కువ కుటుంబాలు చేసే పొరపాటు అంతా ఒకే లాటుగా ఎక్కించడం. మంచి కాయలో కొంచెం నాసి కాయ కలిపితే అదీ ఇదే రేటుకి పోతుందని ఆశ. లెక్క వేసి చూస్తే వేరేలా ఉంటుంది.

ఒక ఉదాహరణ. ఒక ఇంట్లో 50 టిక్కీలు ఉన్నాయి. టిక్కీకి 40 కిలోల చొప్పున 20 క్వింటాళ్లు. అందులో 40 టిక్కీలు మంచి కోత, క్వింటాల్ 12,000 పలుకుతుంది అనుకుందాం. 10 టిక్కీలు తాలు కలిసిన చివరి కోత, 8,000 పలుకుతుంది. రెండు లాట్లుగా ఎక్కిస్తే 16 క్వింటాళ్లకి 1,92,000, మిగతా 4 క్వింటాళ్లకి 32,000, మొత్తం 2,24,000. అదే కలిపి ఒక్క లాటుగా పెడితే కొనేవాడు ఏ గోతాం విప్పితే ఏది వస్తుందోనని మధ్యలో, అంటే 10,000 దగ్గర ఆగుతాడు. 20 క్వింటాళ్లకి 2,00,000. తేడా 24,000 రూపాయలు. లాటు విడగొట్టడానికి అయ్యే ఖర్చల్లా కల్లంలో ఒకటి రెండు రోజుల ఏరివేత కూలి.

అనుభవం ఉన్న వ్యాపారి కలిసిన లాటుకి మధ్య రేటు కూడా ఇవ్వడు. కనిపించిన నాసి కాయని బట్టి, కనిపించనిది ఇంకా ఎక్కువ ఉంటుందని లెక్కేస్తాడు. పక్కనే దుగ్గిరాల పసుపు యార్డులో కొమ్ములకి వేరే రేటు, కాయలకి వేరే రేటు. ఒకే రైతు, ఒకే పొలం అయినా రెండూ కలిపి పెట్టరు. మిర్చికి కూడా ఆ పద్ధతే మంచిది.

తేమ దగ్గర దొరికిపోతారు

ఎండిన కాయ గోతాంలో తొక్కేటప్పుడు విరిగిపోతుందని నీళ్లు చల్లే అలవాటు ఉంది. బరువు కూడా కలిసొస్తుందని ఇంకొందరు కాస్త ఎక్కువే చల్లుతారు. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం ఎండు మిర్చిలో తేమ 11 శాతం దాటకూడదు. పనికిరాని చెత్త 1 శాతం, పండని కాయ, మచ్చ కాయ 2 శాతం, విరిగిన కాయ, రాలిన గింజ 5 శాతం దాటకూడదు. లాటు వివరం రాసేటప్పుడు ఈ నాలుగు అంకెలూ దగ్గర పెట్టుకోవాలి. కొనేవాళ్లు కొలిచేది కూడా దాదాపు వీటితోనే.

నీళ్ల లెక్క ఎలా ఉంటుందో చూడండి. 10 శాతం తేమ ఉన్న 100 కిలోల కాయలో అసలు సరుకు 90 కిలోలు. తేమ 14 శాతానికి పెంచితే బరువు సుమారు 104.6 కిలోలు అవుతుంది. నాలుగున్నర కిలోలు కలిసొచ్చినట్టే. కానీ యంత్రం పెట్టగానే 14 అని చూపిస్తే క్వింటాల్‌కి 12,000 ఇచ్చే చోట 11,000 ఇచ్చారనుకుందాం. అప్పుడు 104.6 కిలోలకి వచ్చేది 11,506 రూపాయలు. ఆరబెట్టిన 100 కిలోలకి వచ్చేది 12,000. నీళ్లు మోసుకొచ్చి దాదాపు 500 పోగొట్టుకున్నట్టు.

డబ్బు సంగతి అలా ఉంచితే నెమ్ము కాయకి బూజు పడుతుంది, బూజు నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరప్ దేశాలు మిర్చిలో మొత్తం అఫ్లటాక్సిన్లు కిలోకి 10 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం 5 మైక్రోగ్రాములు దాటితే తీసుకోవు. అందుకని లాటు వివరంలో ‘ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ’ అని ఊరికే రాయకూడదు. ల్యాబ్ రిపోర్టు ఉంటే రాయాలి, లేకపోతే ఆ మాట వదిలేయాలి. మసాలా దినుసుల బోర్డుకి గుంటూరు ప్రాంతంలో పరీక్ష కేంద్రం ఉంది. ఎడ్లపాడు దగ్గర వంకాయలపాడులో స్పైసెస్ పార్కు కూడా ఉంది. ఒక్కో రైతుకి పరీక్ష ఖర్చు భారమే. సంఘంగా కలిసి ఒకే రకం, ఒకే కోత సరుకుని ఒక లాటు చేసి పంపితే ఆ ఖర్చు పంచుకోవచ్చు.

లోపం ముందే చెప్పాలి

తాలు ఉంటే ఉందని రాయాలి. మూడు టిక్కీల్లో గింజ రాలితే ఆ మూడు టిక్కీల నంబర్లు రాయాలి. వినడానికి నష్టం బేరంలా ఉంటుంది. నిజానికి ఆన్‌లైన్ వేలంలో దాచిన లోపం కాటా దగ్గర బయటపడితే గొడవ మొదలవుతుంది, లారీ ఆగుతుంది, ‘కోత పెట్టండి’ అంటారు. అప్పటికి మిగతా వ్యాపారులు వేరే లాట్లు కొనేసుకుని ఉంటారు. బేరం ఆడే బలం ఉండదు. ముందే చెప్పిన లోపానికి కొనేవాడు ముందే లెక్క కట్టి ధర వేస్తాడు. తర్వాత అదే కారణం చెప్పి తగ్గించమనలేడు.

ముస్లిం ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. ప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి, అడుగున తడి ఉందని చూసి, తడిసిన గింజని జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగిన సంఘటన పిల్లలకు కూడా చెబుతారు. గోతాం మూతి దగ్గర ఎర్రకాయ, అడుగున తాలు పెట్టడానికీ దానికీ తేడా లేదు. అలాగే కొనే ఉద్దేశం లేని బంధువు చేత రేటు పెంచడానికి పాడించే దొంగపాట కూడా షరీఅత్ వద్దన్నదే. కొనేవాళ్లకి తెలిస్తే ఆ పేరుకి మళ్లీ పాట రాదు.

రంగు కోసం నూనె రాయడం, రంగు కలపడం అసలే వద్దు. అవి ఆహార చట్టం కింద కేసు పడే పనులు.

ఫొటో

యార్డుకి తెచ్చే రైతుకి ఫొటోతో పెద్దగా పని ఉండదు. ఉత్పత్తిదారుల సంఘాలకి మాత్రం ఉంది. 2020 ఏప్రిల్‌లో ఈ-నామ్‌లో సంఘాల కోసం విడిగా ఒక విభాగం పెట్టారు. సంఘం సరుకుని యార్డుకి తేకుండా తన సేకరణ కేంద్రంలోనే ఉంచి, ఫొటో, నాణ్యత వివరాలు ఎక్కించి, దూరాన ఉన్న వ్యాపారులకి వేలం వేయొచ్చు. పాట ఖాయమయ్యాక సరుకు అక్కడి నుంచే ఎత్తించవచ్చు, లేదా యార్డుకి తెచ్చి ఇవ్వొచ్చు. కిరాయి, హమాలీ ఒకసారి మిగిలినా మంచిదే కదా. కానీ ఇక్కడ ఫొటో, రాత సరిగ్గా లేకపోతే మొత్తం ఏర్పాటు దండగ.

మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే కాయ తెల్లబోతుంది, షెడ్డు లోపల లైటు కింద తీస్తే నల్లగా వస్తుంది. పొద్దున పది లోపు, నీడలో, తెల్ల గుడ్డ మీద పోసి తీయాలి. ఒక ఫొటో మూటల వరస మొత్తం. ఒకటి గోతాం మూతి విప్పి. ఒకటి అదే గోతాం అడుగు నుంచి తీసిన కాయ. ఒకటి దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి, కాయ పొడుగు తెలిసేలా. ఒకటి విరిచిన కాయ, లోపలి గింజ, రంగు కనిపించేలా. ఇప్పటి ఫోన్లు ఎరుపుని వాటంతట అవే పెంచి చూపిస్తాయి. అలాంటి సెట్టింగులు, ఫిల్టర్లు ఆపేయాలి. ఫొటోలో ఎర్రగా ఉండి ఎదురుగా చూస్తే మామూలుగా ఉన్న కాయ, అసలు ఫొటో లేని కాయ కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. గూగుల్లో దొరికిన ఫొటో పెట్టే సంఘాల గురించి చెప్పనక్కర్లేదు.

రాసే తీరు

వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువగా కనపడే రాత ఇలా ఉంటుంది: “మంచి ఎర్ర మిర్చి, ఫస్ట్ క్వాలిటీ, ఎక్స్‌పోర్ట్ సరుకు, 40 బస్తాలు, త్వరపడండి.” ఇందులో కొనేవాడికి పనికొచ్చేది 40 అనే అంకె ఒక్కటే. అదీ సగమే, బస్తా ఎన్ని కిలోలో లేదు.

అదే సరుకుని ఇలా రాయొచ్చు: “తేజ, రెండో కోత, ఈ సీజన్ సరుకు, నాన్ ఏసీ. 40 టిక్కీలు, గోతాం బరువు పోను నికరం 16 క్వింటాళ్లు. పట్టాల మీద ఆరబెట్టింది, నీళ్లు చల్లలేదు. తేమ 10.5 శాతం, మార్చి 3న యంత్రంతో కొలిచాం. తొడిమతో ఉంది. తాలు సుమారు 2 శాతం, బూజు లేదు. 12, 19, 33 నంబరు టిక్కీల్లో గింజ రాలింది. సరుకు సంఘం గోదాములో ఉంది, పొద్దున 8 నుంచి 11 లోపు వచ్చి చూసుకోవచ్చు. లోడింగ్ ఖర్చు కొన్నవారిది.”

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. కొనేవాడు ఫోన్ చేసి అడగబోయే ప్రతి ప్రశ్నకీ జవాబు ఉంది. ‘సుమారు’ అన్నచోట సుమారు అని, కొలిచినచోట తేదీ వేసి కొలిచామని ఉంది. ఖర్చు ఎవరిదో రాయకపోతే చివర్లో అది అమ్మేవాళ్ల నెత్తినే పడుతుంది. హమాలీ, గోతాల ఖరీదు, కిరాయి ముందే తేల్చి రాయాలి. కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకైతే ఏ నెలలో పెట్టారు, బాండు ఎవరి పేరున ఉంది, అద్దె ఎంతవరకు కట్టారు అన్నవి కూడా చేరాలి. బాండు మీద అప్పు ఉంటే అదీ చెప్పాలి.

జీఎస్టీ గురించి చాలామంది భయపడుతుంటారు. సొంత సాగులో పండిన పంట అమ్ముకునే వ్యవసాయదారు జీఎస్టీ చట్టం సెక్షన్ 23 ప్రకారం రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. కారం పట్టించి ప్యాకెట్ మీద బ్రాండు వేసి అమ్మితే అది వ్యాపారం, లెక్క వేరు.

పత్తిలో అంకెలే మాట్లాడతాయి

పత్తి రైతు మిర్చి రైతులా స్వయంగా వేలానికి లాటు పెట్టడం తక్కువ. మద్దతు ధరకి భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ కొంటుంది, లేదా జిన్నింగ్ మిల్లుకి పోతుంది. 2025-26 సీజన్‌కి మద్దతు ధర మధ్యరకం పింజకి క్వింటాల్ 7,710, పొడవు పింజకి 8,110 రూపాయలు. ఆ ఏడాది నుంచే సీసీఐ ‘కపాస్ కిసాన్’ యాప్‌లో రైతు ముందుగా నమోదై స్లాట్ తీసుకునే పద్ధతి పెట్టింది. తేమ 8 శాతం వరకు పూర్తి ధర, 12 వరకు శాతానికి ఇంత అని కోత, 12 దాటితే వెనక్కే. స్లాట్ రోజుకి పత్తి ఆరి ఉండాలి గానీ, స్లాట్ దొరికిందని తడి పత్తి ఎత్తుకెళ్తే కిరాయి దండగ.

ఆ పత్తే బేళ్లుగా మారాక సీసీఐ ఈ-వేలంలో మిల్లులకి అమ్ముతుంది. అక్కడ మంచి పత్తి, తెల్ల పత్తి అనే మాటలు ఉండవు. పింజ పొడవు ఎన్ని మిల్లీమీటర్లు, మైక్రోనేర్ ఎంత, చెత్త ఎంత శాతం, తేమ ఎంత. బేలుకి 170 కిలోల లెక్క. ఎక్కడో కోయంబత్తూరులో ఉన్న మిల్లు ఆ అంకెలు చూసే ధర వేస్తుంది. ఈ జిల్లాల్లో నూర్‌బాషా కుటుంబాల పెద్దలు దూది వేళ్ల మధ్య లాగి పింజ చెప్పేవారు. ఇప్పుడు అదే పని యంత్రం చేసి అంకె వేస్తోంది, అంతే. 2025-26 లెక్కలో పొడవు పింజ ధర రావాలంటే 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్లు, మైక్రోనేర్ 3.5 నుంచి 4.3 మధ్య ఉండాలి. తీసిన వరస ప్రకారం పత్తిని విడిగా ఉంచి, చివరి తీతని, వానకి తడిసినదాన్ని కలపకుండా తెస్తే ఆ గడిలో పడే అవకాశం ఎక్కువ.

ప్రకాశం పొగాకు వేలం కేంద్రాల్లోనూ ఇదే తీరు. ప్రతి బేలుకీ నంబరు, గ్రేడు వేశాకే ఎలక్ట్రానిక్ పాట.

ధర నచ్చకపోతే

ఈ-నామ్‌లో ఎక్కువ ధర వచ్చినా రైతు ఒప్పుకోవాలనేమీ లేదు. నచ్చకపోతే వద్దనొచ్చు. ఈ హక్కు ఉందని తెలియక కొందరు, తెలిసీ వాడుకోలేక ఇంకొందరు అమ్మేస్తారు. వాడుకోలేకపోవడానికి పెద్ద కారణం పెట్టుబడికి తెచ్చిన అప్పు. విత్తనానికీ మందులకీ డబ్బు ఇచ్చినచోటే సరుకు దించితే, వచ్చిన రేటుకి తలూపక తప్పదు. వడ్డీ సంగతి సరేసరి. కోతకి ముందే కనీసం కొన్ని టిక్కీలు అప్పుతో సంబంధం లేకుండా విడిగా అమ్ముకునేలా మాట్లాడుకోగలిగితే, వద్దనే హక్కు ఆ టిక్కీల మీదైనా ఉంటుంది.

ఇంకో కారణం రంజాన్. 2025లో మార్చి నెల దాదాపు అంతా, 2026లో ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి మూడో వారం వరకు ఉపవాసాలు మిర్చి రాక ఎక్కువగా ఉండే రోజుల్లోనే వచ్చాయి. పండగ ఖర్చుకి, జకాత్ లెక్కకి డబ్బు కావాలని ఈద్ ముందు వారంలో సరుకంతా దించేస్తే, ధర ఎంత వేసినా కాదనలేని స్థితి. పండగకి ఎంత కావాలో అంతకి సరిపడా లాటు ఒకటి ముందే విడగొట్టి, మిగతాది ఆపుకోవడం మంచిది. విడి లాట్లుగా నమోదై ఉంటేనే అది కుదురుతుంది. యార్డుకి వేసవి సెలవులు ఇస్తారని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ ముందు రోజుల్లో తొందర అమ్మేవాళ్లదే అవుతుంది.

ఫోన్ నంబరు బయటపెడితే

యార్డు బయట, వాట్సాప్‌లోనో అమ్మకాల యాప్‌లోనో సరుకు పెట్టేవాళ్లు మరో జాగ్రత్త పడాలి. నంబరు కనపడగానే బేరం కూడా ఆడకుండా “మొత్తం కొంటాం, అడ్వాన్స్ పంపిస్తున్నాం” అని ఫోన్లు వస్తాయి. క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టనక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు పోతోందని అర్థం. బ్యాంకు మెసేజ్ లాంటి దొంగ మెసేజ్ చూపించి లారీ ఎత్తించుకుపోయే రకం ఇంకోటి. మెసేజ్ కాదు, ఖాతాలో నిల్వ చూశాకే కాటా వేయాలి. మోసం జరిగితే గంటల్లోనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

సరుకు అమ్ముడయ్యాక లాటు నంబరు, పరీక్ష ఫలితం, తక్‌పట్టీ, బ్యాంకు జమ నాలుగూ ఒకే కవర్లో పెట్టి దాచాలి. బరువులోనో ధరలోనో తేడా వస్తే మార్కెట్ కమిటీ కార్యాలయంలో ముందు అడిగేది లాటు నంబరే.